అన్నశాలలో బిరుదులు

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే మహారాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, బిరుదులంటే మహా పిచ్చి. భట్టు ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే విన్నవాళ్ళకు కాళ్ళు పీకేవి. చదవడం పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు, నోట్లో ఏమీ వేసుకోకూడదు. అది అక్కడి మర్యాద.

ఆ రాజు సభలో నాగిశెట్టి అనే వర్తకుడికి ఆసనం ఉండేది. అది ఊరికే వచ్చిందా? కుర్రతనంలో రేవులో మూటలు మోశాడు. పాత పడవ ఒకటి కొని, అక్కడినుంచి దీవులకు ఓడలు పంపేదాకా ఎదిగాడు. అంత సంపాదించినా కళ్ళు నెత్తికెక్కలేదు. వ్యవహారం తెలిసినవాడని రాజు పిలిచి సభలో కూర్చోబెడితే, ముందు చిన్న పడవలవాళ్ళ మీద సుంకం తీయించేశాడు. అలాంటి మనసు ఎంతమందికి ఉంటుంది చెప్పండి!

ఒక కరువు ఏడాది శెట్టి రేవులో అన్నశాల తెరిచాడు. మధ్యాహ్నం కూలీలు మూటలు దించి, గబగబా నాలుగు ముద్దలు తిని, మేస్త్రీ కొమ్ము ఊదగానే పనిలోకి పోయేవారు. జనమంతా శెట్టిని దీవిస్తున్నారన్న మాట రాజు చెవిన పడింది. ఇంకేముంది, ఒళ్ళు మండిపోయింది. నా రాజ్యంలో నా పేరెత్తకుండా అన్నదానమా అని, తినే ముందు బిరుదులన్నీ చదివించి తీరాలన్నాడు. లేదంటే అన్నశాల మూసెయ్యాలట.

మర్నాటి నుంచి భట్టు వచ్చి నిలబడేవాడు. బిరుదులు సగంలో ఉండగానే కొమ్ము మోగేది. పాపం, కూలీలు వడ్డించిన విస్తళ్ళు వదిలి ఖాళీ కడుపుతో లేచిపోయేవారు. ఒకడైతే నెత్తిన మూటతోనే కుప్పకూలాడు. శెట్టి పరుగున వెళ్ళి వాణ్ణి లేపి కూర్చోబెట్టాడు. ఆకలి మీద మూట ఎంత బరువో ఆయనకు ఒకరు చెప్పాలా!

ఎదురుతిరిగితే అన్నశాలే పోతుంది. అందుకని శెట్టి తెల్లవారగానే కోటకు వెళ్ళి, తమ బిరుదులు జనం ఎంత శ్రద్ధగా వింటున్నారో కళ్ళారా చూడాలని రాజును భోజనానికి పిలిచాడు. రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. శెట్టి ఆయన్ని ఓడ ఓడకూ ఎక్కించి దించి, రేవంతా తిప్పి, మిట్టమధ్యాహ్నం కూలీల బంతిలో కూర్చోబెట్టాడు. వేడివేడి అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పైన కమ్మటి నెయ్యి. రాజుకు నోరూరిపోయింది.

భట్టు గొంతు సవరించుకున్నాడు. బిరుదు మీద బిరుదు దొర్లుతోంది. రాజు చెయ్యి మెల్లగా విస్తరి వైపు పాకింది.

"ప్రభూ, భట్టు ఇంకా తమ తాతగారి బిరుదుల దాకా రాలేదు," అన్నాడు శెట్టి వినయంగా.

రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నెయ్యి పేరుకుంటోంది. కాసేపటికి ఇక ఉండబట్టలేకపోయాడు.

"నా విస్తరి ముందు నన్ను ఆపేదెవరయ్యా?"

"తమ బిరుదులే, మహాప్రభూ. కాసేపట్లో కొమ్ము మోగుతుంది. తమరికి కోటలో మళ్ళీ వడ్డిస్తారు. వీళ్ళు ఇలాగే లేచి మూటలెత్తాలి."

రాజు బంతి పొడవునా చూశాడు. భట్టు వైపు చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. అందరి కళ్ళూ అన్నం మీదే ఉన్నాయి. ఆయన మొహం చిన్నబోయింది. చెయ్యెత్తి భట్టును ఆపి, అందరినీ తినమన్నాడు, తానూ తిన్నాడు. ఆ పూట అన్నశాలలో విస్తళ్ళ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

కొమ్ము మోగింది. మూటలు మోసే ముసలమ్మ ఒకతె చెయ్యి కడుక్కుని, పక్కనున్న రాజు వైపైనా తిరగకుండా, "ఈ రాజ్యం ఏలే తండ్రి చల్లగా ఉండాలి," అనుకుంటూ పనికి పోయింది.

రాజు ఆమె వెళ్ళినవైపు చూసి, పకపకా నవ్వాడు.

"ఇంత చిన్న మాట మన భట్టు ఎప్పుడూ చదవలేదే, శెట్టీ!"

"అది చదివిస్తే వచ్చేది కాదు ప్రభూ."

రాజు తన ముత్యాలహారం తీసి శెట్టి మెడలో వేశాడు. అన్నశాలలో ఇక బిరుదులు వద్దని, కోట గాదెల నుంచి ఏటా ధాన్యం పంపాలని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. ఆ సంగతి చాటమని భట్టు కోసం చూస్తే, ఆయన అప్పటికే ఓ విస్తరి ముందు కూర్చుని మారు పప్పు అడుగుతున్నాడు.