ఐదింట్లో మూడు

పెట్టినవన్నీ తిస్సుడు తిన్నాడు. ఒక్క పూట కూడా ఆకులో మెతుకు మిగల్చలేదు. అయినా చనిపోయాడు.

నాగచంద్రుడికి అంతుపట్టనిది అదే. శ్మశానం నుంచి కొండ మెట్లెక్కి వస్తున్నంతసేపూ అదే మనసును తొలిచేసింది. తడిబట్టలతోనే వెళ్ళి గురువు బుధరక్షితుడి ముందు కూర్చున్నాడు.

"భంతే, వాడికి ఆరేళ్ళు. రెండు నెలలు నా చేత్తో వడ్డించాను. కడుపు నిండా తిన్న పిల్లవాడు ఎందుకు పోయాడు? నేనెక్కడ లోపం చేశాను?"

ముసలి భిక్షువు చిరిగిన చీవరం కుట్టుకుంటున్నాడు. చూపు సరిగ్గా ఆనదు. సూదిలో దారం ఎక్కేదాకా మాట్లాడలేదు.

"వాడి అక్క తింటోందా?"

"రేవా? అన్నీ తింటోంది భంతే. ఆకు తుడిచినట్టుంటుంది."

"వాడి ఆకూ అలాగే ఉండేదిగా."



అది కరువు మూడో ఏడు. కింద ఊళ్ళలో పొయ్యి వెలిగే ఇళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. అమ్మానాన్నలు పోయిన పిల్లలు, అమ్మానాన్నలు విడిచిపెట్టి వలసపోయిన పిల్లలు కొండెక్కి విహారానికి వచ్చారు. బుధరక్షితుడు వాళ్ళని మండపంలో కూర్చోబెట్టి పొద్దున్నే ఇసకలో అక్షరాలు దిద్దించేవాడు. పొద్దు నడినెత్తికి రాకముందే అన్నం పెట్టించేవాడు. గింజలు నది మీద పడవల్లో దాతలు పంపేవారు. వాటిని వండించి వడ్డించే బాధ్యత నాగచంద్రుడిది.

వైద్యం తెలిసిన భిక్షువొకాయన వర్షాకాలం అక్కడ గడిపి, వెళ్తూ వెళ్తూ తాటాకు మీద ఒక నియమం రాసిచ్చాడు. రోజూ ఐదు రకాలు వండాలి. జొన్న సంకటి, ఉలవలు, ఆకుకూర, మజ్జిగ, దొరికిన పండు ఏదో ఒకటి. ఐదూ ప్రతి బిడ్డ ముందుకీ తేవాలి. ఎవరి ఆకులోనూ మూడింటికి తగ్గకూడదు. ఆ మూడింట్లో ఆకుకూరో పండో ఒకటి ఉండి తీరాలి. అంతే రాశాడు.

నాగచంద్రుడు బుద్ధిమంతుడు. ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువే. మూడు చాలంటే ఐదు ఇంకా మంచిది కదా అనుకున్నాడు. అందరి ఆకుల్లోనూ ఐదూ వేసి, అన్నీ అయిపోయేదాకా ఎదురుగా నిలబడేవాడు. భిక్షాపాత్రలో ఏది పడితే అది కళ్ళకద్దుకుని తినడం పదేళ్ళుగా అతనికి అలవాటు. 'వద్దు' అన్న మాట అతని నోట రాదు. ఆ నిగ్రహం పిల్లలకీ అబ్బాలని ఆశపడ్డాడు. ఆశ మంచిదే కావచ్చు. ఎండిన డొక్కల మీద దాన్ని సాధన చేయించడం ఏం న్యాయమో అతన్నే అడగాలి.

తిస్సుడంటే అతనికి ముద్దు. మిగతా పిల్లలు ఆకుకూర చూసి మూతి ముడిస్తే, ఉలవలు పక్కకు నెడితే, "తిస్సుణ్ణి చూడండి. మీకంటే చిన్నవాడు. ఎప్పుడైనా పేచీ పెట్టాడా?" అనేవాడు. తిస్సుడు తల వంచుకుని నములుతూ ఉండేవాడు. పక్కనే రేవ, వాడు మింగేదాకా వాడి నోటి వంకే చూస్తూ ఉండేది.

తమ్ముడు పోయిన మర్నాడు కూడా రేవ వరుసలోకి వచ్చి కూర్చుంది. ఐదూ వేయించుకుంది. ఏడవలేదు. అన్నీ తిని ఆకు మడిచింది.

ఆ రోజు నాగచంద్రుడు ఆమె వెనకే వెళ్ళాడు. పదేళ్ళ పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. వంటశాల వెనక్కి వెళ్ళి, వంగి, తిన్నదంతా కక్కేసింది. కక్కి, చేత్తో మట్టి తీసి దాని మీద కప్పింది. ఇటు తిరిగేసరికి ఎదురుగా అతను.

"అన్నీ తిన్నానయ్యా," అంది వెంటనే. "ఏదీ వదల్లేదు."

మూతి తుడుచుకుని, అతన్ని తప్పించుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. ఆ పిల్ల చిక్కిపోయిందని నాగచంద్రుడికి తెలుసు. ఇంతగా భయపడుతోందని ఇప్పుడే తెలిసింది.

వంట చేసే పోలవ్వ కుండ తోముతూ ఇదంతా చూస్తూనే ఉంది. చెయ్యి ఆపకుండానే నోరు విప్పింది.

"ఆ అక్కాతమ్ముళ్ళకి ఉలవలు పడవయ్యా. పిల్లోడికైతే పొట్ట తప్పెటలా ఉబ్బేది. మెలికలు తిరిగిపోయేవోడు. ఆడికి విరేచనాలు పట్టుకున్నాక కూడా మీరు పెడతానే ఉన్నారు, ఆడు తింటానే ఉన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు అవ్వా?"

"ఆ పిల్ల నా చేత ఒట్టేయించుకుంది. వద్దంటే గెంటేస్తారంట కదా! వచ్చిన రోజే మీరన్నారంట. ఇక్కడ వద్దు అనే మాట లేదు, అనేవోళ్ళకి ద్వారం అదిగో అని. ఇక తమ్ముడు ఏడిస్తే నోరు నొక్కి తినిపించేది. మింగరా, అయ్యోరు చూస్తన్నారు, మింగరా అని."

పోలవ్వ కుండ బోర్లించింది.

"ఒట్టు తీసి గట్టున పెట్టాల్సింది. ముసల్దాన్ని, నాకూ బుద్ధి లేకపోయింది."

నాగచంద్రుడికి ఆ మాట అన్న సంగతే గుర్తు లేదు. కొత్తగా వచ్చిన పిల్లల్ని అదుపులో పెట్టడానికి ఏదో అని ఉంటాడు. అని మరిచిపోయాడు. కొండ కింద ఏముందో చూసి వచ్చిన పిల్ల మరిచిపోలేదు.

వంటశాల గడప మీద కూలబడ్డాడు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచేసరికి, దీన్ని ఎలా సరిదిద్దాలో తనకు తెలుసు అనే అనుకున్నాడు.

మర్నాడు ఉలవల కుండతో వరుస వెంట వస్తూ రేవ ఆకు దాటేశాడు. మంచి పని చేశానన్న తృప్తితో రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరికీ వేసి తనకు వెయ్యలేదంటే ఇక్కడ తన రోజులు అయిపోయాయని అనుకుంది. పక్క పిల్ల ఆకులోంచి గుప్పెడు ఉలవలు లాక్కుని గబగబా నోట్లో కుక్కుకుంది.

"నీకు అవి వద్దమ్మా! వద్దని చెప్పు. నేనేమీ అనను."

"కావాలయ్యా," అంది నిండు నోటితో. "నాకిష్టమయ్యా."

"వద్దని చెప్పమంటున్నానా!" నాగచంద్రుడి గొంతు లేచింది.

"ఇష్టమయ్యా, ఇష్టమయ్యా," అంటూ రేవ నమలకుండానే మింగింది.

ఆ సాయంత్రం మండపం మెట్లు నాలుగు ఎక్కలేకపోయింది. పోలవ్వ ఎత్తుకొచ్చి చాప మీద పడుకోబెట్టింది. తిస్సుణ్ణి కూడా చివరి వారం అలాగే ఎత్తుకొచ్చేది. ఆ పిల్లకి ఇంకెన్ని రోజులున్నాయో లెక్కకట్టడానికి వైద్యుడు అక్కర్లేదు.

నాగచంద్రుడు గురువు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. ద్వారం మాట కూడా దాచకుండా చెప్పాడు.

"వద్దని చెప్పమని ఆజ్ఞాపించినా చెప్పడం లేదు భంతే."

"ఆజ్ఞాపించావా?" అన్నాడు బుధరక్షితుడు.

నాగచంద్రుడు తల దించుకున్నాడు. కానీ లోపల ఇంకా ఏదో పెనుగులాడుతోంది.

"మనం పాత్రలో పడింది తింటాం. ఇది కావాలి, అది వద్దు అని ఏరుకోం. నాకు మీరు నేర్పిందే వాళ్ళకి నేర్పాను. అది తప్పా భంతే?"

"నువ్వు ఇల్లు వదిలి వచ్చావు నాగచంద్రా. వాళ్ళని ఇల్లే వదిలేసింది."

గురువు ఆ తాటాకు తెమ్మన్నాడు. వెలుతురుకేసి పట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు.

"ఐదు వండమన్నాడు. మూడు చాలన్నాడు. మిగతా రెండూ ఎవరి కోసం వదిలాడు?"

"గింజలు చాలని రోజుల కోసమేమో అనుకున్నాను."

బుధరక్షితుడు తాటాకు తిరిగి అతని చేతిలో పెట్టి, కర్ర తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పిల్లలు బంతికి కూర్చునే వేళకి ముసలి భిక్షువు మండపంలోకి వచ్చాడు. అరవై ఏళ్ళుగా వదలని భిక్షాపాత్ర చేతిలో లేదు. వచ్చి, రేవకి ఇవతలి పక్కన, పిల్లల వరుసలోనే మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చుని ముందు ఒక విస్తరి పరుచుకున్నాడు. రేవ గోడకి ఆనుకుని ఉంది. నిటారుగా కూర్చునే శక్తి లేదు.

సంకటి వచ్చింది. వేయించుకున్నాడు. ఆకుకూర వచ్చింది.

"వద్దు," అన్నాడు.

నాగచంద్రుడు తను విన్నది నమ్మలేకపోయాడు. పాచిపోయిన గంజి పోసినా దణ్ణం పెట్టి తాగిన మనిషి ఆయన. పిల్లలంతా ఇటు తిరిగారు.

"భంతే," అన్నాడు మెల్లగా, "ఆకుకూరైనా పండైనా ఒకటి ఉండాలి కదా."

"రెండూ వద్దంటే?"

"కుదరదు భంతే. ఒకటి తప్పదు."

"ఏదన్నది నా ఇష్టమేనా?"

"మీ ఇష్టమే."

"అయితే పండు తింటాలే. పళ్ళు లేనివాణ్ణి, మెత్తటిది చూసి పెట్టు."

ఎవరో ఒక పిల్ల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. నాగచంద్రుడు బాగా మాగిన అరటిపండు ఏరి ఆయన ఆకులో పెట్టాడు. సంకటి మీద మజ్జిగ పోశాడు. తర్వాత ఉలవల కుండ తెచ్చాడు. ఉలవలంటే గురువుకు ప్రాణమని విహారంలో అందరికీ తెలుసు. పోలవ్వ ఆయన పేరు చెప్పుకునే నాలుగు గింజలు ఎక్కువ పోసి వండుతుంది. నాగచంద్రుడు గరిటె వంచబోయాడు.

ముసలాయన అరచెయ్యి ఆకు మీద అడ్డం పెట్టాడు.

"వద్దు."

గరిటె గాలిలోనే ఆగింది. బుధరక్షితుడు కర్ర అందుకుని, దాని మీద బరువు మోపి, పిల్లలంతా చూస్తుండగా లేచి నిలబడ్డాడు.

"వద్దన్నానుగా. ద్వారం ఎటు నాయనా?"

నాగచంద్రుడు కుండ కింద పెట్టి ఆయన కాళ్ళ ముందు మోకరిల్లాడు.

"కూర్చోండి భంతే. మిమ్మల్ని ఎవరు పొమ్మన్నారు?"

"నాకు చెవులు సరిగ్గా వినపడవు. గట్టిగా చెప్పు."

"వద్దన్నవాళ్ళని పంపను." మళ్ళీ పెద్దగా అన్నాడు. "వద్దన్నందుకు ఇక్కడి నుంచి ఎవరినీ పంపను. ఆ మాట అనడం నా తప్పు."

గురువు నెమ్మదిగా మళ్ళీ కూర్చుని, సంకటి చిదిమి నోట్లో పెట్టుకున్నాడు.

నాగచంద్రుడు కుండతో రేవ ముందుకు జరిగి కింద కూర్చున్నాడు. గరిటె కుండలోనే ఉంచాడు. చెప్పమనలేదు. బుజ్జగించలేదు.

రేవ ముసలాయన వంక చూసింది. ఆయన తింటున్నాడు. ఎవరూ వచ్చి రెక్క పట్టుకుని లేపలేదు. ద్వారం వైపు చూసింది. మళ్ళీ కుండలోకి చూసింది. ఆమె ఊపిరి నాగచంద్రుడికి వినపడుతోంది.

చాలాసేపటికి సన్నటి చెయ్యి ఒకటి ఆకు మీదికి వచ్చింది.

"వద్దు," అంది.

నాగచంద్రుడు తలూపాడు.

"తమ్ముడికి కూడా వద్దు."

గురువు చెయ్యి సంకటి మీదే ఆగిపోయింది. నాగచంద్రుడు ఆయన వంక చూశాడు, ఏదైనా ఒక మాట అంటాడేమోనని. ఆయన తల ఎత్తలేదు.

ఆఖరికి నాగచంద్రుడు కుండ ఎత్తుకుని పక్క పిల్లవాడి ముందుకు జరిగాడు. గరిటె నిండా ఉలవలు తీసి, ఆకు మీదికి వంచబోయి, ఆగాడు.

"పెట్టనా?" అని అడిగాడు.