మిగిలిన మందు అడిగిన దాలమ్మ

అనగనగా అంటే ఎన్నేళ్ల కిందట అని అడక్కండి, ఆ లెక్క నాకూ తెలీదు. ఏరు అప్పట్లో ఊరికి పడమరగా పారేదట, అంత పాత మాట. ఆ ఏటి ఒడ్డున, ఊరికి ఎడంగా, వెదురు చీల్చి బుట్టలల్లే దాలమ్మ ఉండేది. మొగుడు అప్పలసూరి తప్ప ఆమెకు నా అన్నవాళ్లు లేరు.

ఆ అప్పలసూరికి దగ్గు పట్టుకుంది. వైద్యుడు నరహరిగారు నలభై పొట్లాలు కట్టిచ్చి, రోజుకొకటి తేనెలో రంగరించి నాకించమన్నారు. వాటికోసం దాలమ్మ చేతులు పుళ్లు పడేదాకా బుట్టలల్లింది. పది పొట్లాలు అయ్యాయి. పదకొండో రోజు పొద్దున అప్పలసూరి లేవలేదు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. పోయినవాళ్ల మందు ఇంట్లో ఉంచితే రోగం దారి వెతుక్కుంటూ మళ్లీ వస్తుందట. అందుకని మూకుట్లో పెట్టి ఏట్లో వదిలేసేవారు. దాలమ్మా వదిలేసింది. ముప్పై పొట్లాలూ నీళ్లపాలయ్యాయి.

వారం తిరక్కుండా గాజులమ్ముకునే చిట్టెమ్మ అదే దగ్గుతో పోయింది. మందు కొనే దారి లేక పోయింది. ఆ కబురు విని దాలమ్మ గుండెలు బాదుకుంది. "నా సేత్తో నానే ఏట్లో పారేసినాను గదే!" మొగుడు పోయిన రోజుకంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చింది.

మర్నాడు బుట్ట చంకనెత్తుకుని ఊళ్లోకి బయల్దేరింది. జబ్బు తగ్గిన ఇంటికీ వెళ్లింది, మనిషి పోయిన ఇంటికీ వెళ్లింది. ఎక్కడికెళ్లినా ఒకటే మాట.

"మందేటైనా మిగిలిందా తల్లీ?"

మొదటి ఇంటివాళ్లు తిట్టారు. రెండో ఇంటివాళ్లు పేడనీళ్లు చల్లారు. మూడో ఇంట్లో కొడుకును పోగొట్టుకున్న ముసలాయన ఒకడు, "తీస్కుపోవే, నా కంటి ముందు లేకుండా సెయ్యి" అని లేహ్యం పిడత చేతిలో పెట్టాడు.

దాలమ్మ దాన్ని తిన్నగా నరహరిగారి దగ్గరికి పట్టుకెళ్లింది. ఆయన మూత తీసి వాసన చూశారు, గోటితో తీసి నాలిక మీద వేసుకున్నారు. చెడింది పారబోసి, బాగున్నది వేరే కట్టి, ఏ జబ్బుకో ఎంత వెయ్యాలో చెప్పారు. "నా బేరం పోతుందే దాలమ్మా" అని కాస్త నసిగారు కూడా.

"పోతే పోనీండి బాబూ. మనుసులు పోకుండుంటే సాలు" అంది దాలమ్మ.

ఆ మందు కొనలేనివాళ్ల ఇళ్లకు దాలమ్మే చేర్చేది. అలా ఏళ్లు గడిచాయి. ఇచ్చేవాళ్లు ఇవ్వడం నేర్చుకున్నారు, పుచ్చుకునేవాళ్లు పుచ్చుకుని బతికారు. రా, కూచో అన్నవాళ్లు మాత్రం లేరు. చావులున్న ఇళ్లన్నీ తిరిగొచ్చే కాళ్లాయె! "అరుగు మీద పెట్టి పోవే" అనేవారు లోపల్నుంచే. పండక్కి పిలవలేదు. పెళ్లికి పిలవలేదు. పురిటి పిల్లను చూడనివ్వలేదు. ఆమె తెచ్చిన మందుతో లేచి తిరుగుతున్నవాళ్లే ఆమె ఎదురైతే పక్కకు తప్పుకునేవారు. బుద్ధిలేని జనం అని మనం అనుకుంటాం గానీ, మనమున్నా అంతే చేసేవాళ్లమేమో. దాలమ్మ వెదురు చీలుస్తూ తనే ఏదో అడిగేది, తనే జవాబు చెప్పుకునేది. మనిషి మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

ఒక వానాకాలం ఆ దగ్గే దాలమ్మకు పట్టుకుంది. లేవబోతే కాళ్లు నిలవలేదు. ఎవరింట్లో ఏ మందు మిగిలిందో ఆమెకు తెలియనిది కాదు. గౌరునాయుడింట్లో ఉన్నాయి పొట్లాలు, కుమ్మరి సన్నాసి ఇంట్లో ఉన్నాయి, పూసల గంగమ్మ ఇంట్లోనూ ఉన్నాయి.

మొదటి రోజు, "ఎవులో ఒకలు వస్తార్లే" అనుకుంది. ఎవరూ రాలేదు.

రెండో రోజు, "ఎవులో ఒకలు వస్తార్లే" అనుకుంది. నీళ్లకొచ్చిన ఒకామె గుడిసెలో దగ్గు విని, కొంగు మూతికడ్డం పెట్టుకుని గబగబా వెళ్లిపోయింది.

మూడో రోజు ఏమీ అనుకోలేదు. తలుపు వైపు చూస్తూ పడుకుంది.

దాలమ్మ ఎక్కడా కనబడకపోయేసరికి నాలుగో రోజు నరహరిగారికి అనుమానం వచ్చింది. గుడిసె దాకా నడిచి "దాలమ్మా" అని పిలిచారు. పలకలేదు. లోపలికి వెళ్లి చూసి, తలపాగా తీసేసి, ఊళ్లోకి వచ్చి చెప్పారు.

"అదేటి బాబూ! ఆ దగ్గు మందు మా ఇంట్లోనే ఉంది గదా! దాలమ్మే వచ్చి అడుగుతాదని సూస్తన్నాం" అన్నాడు గౌరునాయుడు.

"మా ఇంట్లోనూ ఉంది. దాలమ్మే వచ్చి అడుగుతాదని సూస్తన్నాం" అన్నాడు సన్నాసి.

గంగమ్మ కూడా అదే మాట అనబోయింది. సగంలోనే నాలిక కరుచుకుంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు. ఆమె బతికుండగా ఆ గడప తొక్కని ఊరు, ఆ రోజు ఊరంతా కదిలి ఆ గుడిసెకు వెళ్లింది. వెళ్లి ఏం లాభం!

ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరూ మందు ఏట్లో వదల్లేదు. ఇప్పటికీ ఆ వైపు జబ్బు తగ్గినవాళ్లు మిగిలిన మందు తామే వైద్యుడి చేతికిచ్చి వస్తారు. మందు తెచ్చిన మనిషిని అరుగు మీద నిలబెట్టరు. లోపలికి పిలిచి, రోగి మంచం పక్కన కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి మాట్లాడతారు. ఎవరైనా బద్ధకించి "అవసరమైతే ఆళ్లే వచ్చి అడుగుతార్లే" అన్నారంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నపళాన లేచి నిలబడతారు.

"దాలమ్మ రాలేదు గదా. లే, మనమే ఎల్దాం" అంటారు.