మబ్బుకొండ మీది చేదాకు

ఏడు సముద్రాల అవతల, పట్టుపురుగులు పెంచే దేశంలో ఒకానొక రాజు ఉండేవాడు. ఆయన కొలువులో జీహాన్ అనే పండితుడు పెద్ద అధికారి. ఆ దేశంలో అతను చదవని పుస్తకం లేదు.

ఏటా వానలు పడగానే అక్కడ చలిజ్వరం వచ్చేది. ఒక ఏడు ఆ జ్వరంతో జీహాన్ తల్లి చనిపోయింది. వైద్యులు ఏమీ చేయలేకపోయారు. వెదురుబద్దల మీద రాసిన ఒక పాత గ్రంథంలో మాత్రం, మబ్బుకొండ మీద పెరిగే చేదాకు ఈ జ్వరానికి మందని ఉంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే బద్ద ఎప్పుడో పోయింది.

ఆ ఆకు కోసం వెళ్తానని జీహాన్ రాజును సెలవడిగాడు. రాజు సెలవివ్వలేదు, ఉండిపోతే ఒక ఊరు రాసిస్తానన్నాడు. మళ్లీ అడిగాడు. రాజు సేనాపతిని చేస్తానన్నాడు. మూడోసారి అడిగితే మంత్రిని చేస్తానన్నాడు.

"మహారాజా, మా అమ్మ నా చేతుల్లోనే పోయింది. నా చదువు ఆమెకు ఎందుకూ పనికిరాలేదు. ఇక నాకు పదవులు వద్దు, వెళ్లనివ్వండి" అన్నాడు జీహాన్.

రాజుకు కోపం వచ్చింది. వెళితే ఉద్యోగమూ ఇల్లూ రెండూ పోతాయన్నాడు. జీహాన్ పట్టుబట్టలు విప్పి, నారబట్టలు కట్టుకుని బయలుదేరాడు.

కొండలు దాటాడు, వాగులు దాటాడు, మబ్బుకొండ ఎక్కాడు. అక్కడి చేదాకు తోటకు ఒక మాంత్రికుడు కాపలా. ఆకు తెంపబోయినవాళ్లను రాళ్లుగా మార్చేవాడు. అతని ప్రాణం ఒక చిలకలో ఉండేది. జీహాన్ తోట బయట గుడిసె వేసుకుని, ఆకు ఇచ్చేదాకా కదలనన్నాడు. ఎండకు కదల్లేదు, మంచుకు కదల్లేదు, వానకు కదల్లేదు.

ఆ వానల్లోనే చిలకకు చలిజ్వరం వచ్చింది. చిలక వణికితే మాంత్రికుడూ వణికాడు. చిలక మెల్లగా పాక్కుంటూ గుడిసెలోకి వచ్చింది.

"నేను చస్తే మాంత్రికుడూ చస్తాడు, తోట నీదవుతుంది. అది తెలిసీ నన్ను బతికిస్తావా?" అని అడిగింది.

"జ్వరంతో ఉన్న ప్రాణి చావు చూడడానికి నేనింత దూరం రాలేదు" అన్నాడు జీహాన్.

మాంత్రికుడు ఆకు తెచ్చిచ్చాడు గాని, వాడే తీరు అతనికీ తెలియదు. జీహాన్ ఆకును కాచి తాగించాడు, జ్వరం తగ్గలేదు. ఎండబెట్టి పొడిచేసి పెట్టాడు, తగ్గలేదు. చిలక కళ్లు మూసుకుపోతున్నాయి. వేడి తగిలితే ఆకు సారం పోతోందేమోనని అతనికి తోచింది. పచ్చి ఆకును చల్లటి వాగునీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం చుక్కలు చుక్కలుగా పోశాడు. పొద్దు వాలేసరికి వణుకు ఆగింది. చిలక జామపండు అడిగింది.

మాంత్రికుడు రాళ్లన్నిటినీ మళ్లీ మనుషుల్ని చేశాడు. జీహాన్‌కు సంచెడు విత్తనాలిచ్చాడు.

అప్పటికి యువరాజుకు కూడా చలిజ్వరం వచ్చింది. జీహాన్ కొండ దిగి, ఆ రసంతోనే అతన్ని బతికించాడు. రాజు సంతోషించి సగం రాజ్యం ఇస్తానన్నాడు. జీహాన్ అది వద్దని, ఊరూరా ఆ విత్తనాలు చల్లించమన్నాడు. మందు చేసే తీరు అందరికీ అర్థమయ్యే మాటల్లో రాసిచ్చి, మళ్లీ కొండెక్కాడు.

యువరాజు పెళ్లి చేసుకుని, పట్టం కట్టుకుని, నలభై ఏళ్లు చల్లగా ఏలాడు. ఆ నలభై ఏళ్లలో చలిజ్వరంతో ఒక్కరూ చనిపోలేదు. జీహాన్ కొండ మీదే, మాంత్రికుడికీ చిలకకీ చదువు నేర్పుతూ నిండు నూరేళ్లు బతికాడు. ఇద్దరిలో చిలకకే చదువు తొందరగా వచ్చిందట.