అగ్గిపెట్టెలో ఆవకాయ ముక్క

సోమిదేవమ్మగారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పి, హాయిగా విశ్రాంతి తీసుకోవలసిన వయసులో తన ఇంటి వసారాలో నలుగురైదుగురికి ఉపనిషత్తులు చెబుతూ కూర్చున్నారు. పాఠం మారింది గాని పద్ధతి మారలేదు. ఎవరైనా సందేహం అడిగితే "సరే, రా, చూద్దాం" అనేవారు. వెళ్లాక అక్కడ ఏదో ఒకటి జరిగేది. అదే జవాబనుకోవాలి మనం.

హైమావతి ఆవిడ దగ్గర కాలేజీలోనూ చదువుకుంది, ఇప్పుడు వసారాలోనూ చదువుకుంటోంది. ఆ సాయంత్రం పాఠం అయిపోయి అందరూ లేచినా తను లేవలేదు.

"అమ్మా, మా అమ్మాయి ఇందుకి ఆడుకునే మైక్రోస్కోపు ఒకటి కొందామనుకుంటున్నాను. ఒకటి వెయ్యి రెట్లు పెద్దదిగా చూపిస్తుందిట. ఇంకోటి వంద రెట్లే గాని గాజు మంచిదిట. ఏది కొనమంటారు?"

"ఇప్పుడంత తొందరేమొచ్చిందే?"

"అది ప్రశ్నలడగడం మానేసిందమ్మా. మొన్న మొన్నటిదాకా నా ప్రాణం తోడేసేది. చీమకి చెమట పడుతుందా, వాననీళ్లకి రుచెందుకు లేదూ అని. ఈమధ్య నోట్లో నాలుక లేనట్టు తిరుగుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల అలా ఉంటే నాకు భయంగా ఉంది. చేతికో వస్తువిస్తే మళ్లీ మామూలవుతుందేమోనని ఆశ."

"ఆదివారం తీసుకురా. నా పాత ఇత్తడి మైక్రోస్కోపు అటక మీదుంది, దింపిస్తాను. ఏం చూడాలో పిల్లే తెచ్చుకోవాలి. నువ్వు మాత్రం నేను చెప్పేదాకా నోరు విప్పకూడదు."

నోరు విప్పకుండా ఉండటమా! అది హైమకి రాని విద్య. తన ఇంట్లో ఆమె మాటకి ఎదురు లేదు. వానలు మొదలయ్యాక ఆవకాయ జాడీకి బూజు పట్టినప్పుడు ఆ సంగతి మరీ తెలిసొచ్చింది. ఏడాది పొడుగునా వస్తుందని పెట్టిన ఆవకాయ. మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి చూసేసరికి పైనంతా తెల్లగా నూగు. అంటే జాడీలో ఎవరో తడి చెయ్యి పెట్టారన్నమాటే. "మీకు చూపానదు, తడి గరిటె ముంచేసుంటారు" అని హైమ అత్తగారి మీద విరుచుకుపడింది. "పుట్టి బుద్ధెరిగాక జాడీలో తడి గరిటె పెట్టినదాన్ని కానే తల్లీ" అని ఆ పెద్దావిడ మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. గోరంత సంగతి కొండంత అయింది. జాడీ పెంటకుప్పకి పోయింది. ఆనాటినుంచి అత్తగారు ఊరగాయ ముట్టుకోకుండా చప్పటి పెరుగన్నం తిని లేచిపోతోంది. కోడలితో మాటల్లేవు.

ఆదివారం వసారాలో బల్ల మీద ఇత్తడి మైక్రోస్కోపు తళతళలాడుతోంది. ఎందుకైనా మంచిదని హైమ ఉల్లిపొర ఒకటి జాగ్రత్తగా తీసి తెచ్చింది. సోమిదేవమ్మగారు దాని వంక చూడనైనా చూడలేదు.

"నువ్వేం తెచ్చావే, బంగారూ?"

ఇందు గుప్పిట్లోంచి అగ్గిపెట్టె తీసింది. తీసింది గాని తెరవలేదు. తల్లి మొహంలోకి చూసింది. కాస్త తెరిచి మళ్లీ మూసింది. ఏముందే అందులో, అని అడగబోయి హైమ పెదవి కొరుక్కుంది. చివరికి ఎలాగో ధైర్యం చేసి ఇందు పెట్టె తెరిచింది.

టెంకతో సహా ఒక ఆవకాయ ముక్క. దాని మీద గుబురుగా బూజు.

హైమకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఒళ్లు భగ్గుమంది. "ఓసి నీ..." అని నోటిదాకా వచ్చింది. సోమిదేవమ్మగారి చూపుడువేలు లేచింది. మాట ఆగింది గాని మొహం ఆగలేదు. ఆ మొహం చూసి పిల్ల అగ్గిపెట్టె టక్కున మూసి వీపు వెనక దాచేసుకుంది.

సోమిదేవమ్మగారు తనకేం పట్టనట్టు చీర కొంగుతో గాజు పలక తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆవిడ కల్పించుకోరని హైమకి తెలిసిపోయింది. ఇప్పుడు గనక తను అరిస్తే ఈ పిల్ల ఇక జన్మలో తన ముందు ఏ పెట్టే తెరవదని కూడా తెలిసింది. కాని ఎలా ఊరుకోవడం? జాడీ పోయింది, అత్తగారిని అనరాని మాటలంది, ఇంట్లో అన్నం సహించకుండా పోయింది. ఇందు ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ గుమ్మం దాకా పోయింది.

"హైమా, ఇప్పుడు ఒక్క మాట అను" అన్నారు సోమిదేవమ్మగారు తలెత్తకుండానే. "ఒక్కటే."

హైమ లేచి వెళ్లి పిల్ల ముందు నేల మీద కూలబడింది. ఎన్నో మాటలు గొంతుదాకా వచ్చాయి. వాటన్నిటినీ మింగేసింది.

"చూపించవూ?" అంది.

ఇందు ఆ మాట నమ్మలేదు. తల్లి కళ్లలో ఇటొకసారి అటొకసారి వెతికి, అప్పుడు బల్ల దగ్గరికి వచ్చింది. పుల్లతో రవ్వంత బూజు గాజు పలక మీదికి తీసి, మర తిప్పి, కన్ను ఆనించింది.

"చెట్లు!" అంది. "అమ్మా, చెట్లే! చిన్న చిన్న చెట్లు, కొసన నల్లపూసలు!"

తర్వాత కన్ను తియ్యకుండానే, గొంతు తగ్గించి అంది. "తడి చెయ్యి పెడితే పాడైపోతుందంటావుగా. ఏమవుతుందో చూద్దామని పెట్టాను. నానమ్మ కాదు. నేనే."

హైమ తన వంతుకి కన్ను పెట్టింది గాని, ఉబికిన నీళ్లలో చెట్లూ లేవు, పూసలూ లేవు. పిల్లని దగ్గరికి లాక్కుంది.

"పద, నానమ్మ దగ్గరికెళ్దాం."

"నేను చెప్పాలా?" అంది ఇందు బిక్కమొహం వేసి.

"నువ్వు కాదే. చెప్పాల్సింది నేను."

మెట్లు దిగుతుండగానే పిల్ల అందుకుంది. ఆ చెట్లకి వేళ్లుంటాయా, కారం తింటే వాటికి మండదా అని. హైమ వాకిట్లో ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంతకీ ఏది కొనమంటారమ్మా?"

సోమిదేవమ్మగారు మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పుతున్నారు.

"ఏదైనా కొనవే. దాంట్లో కన్ను పెట్టేముందు పిల్ల ఎటు చూసిందో, అది మాత్రం మరిచిపోకు."