గోడవైపు తిరిగిన హీటరు

మఠంలోని స్విచ్చులన్నీ ఆపివేసిన తరువాత కూడా మీటరు మీద ఎర్రచుక్క కొట్టుకుంటూనే ఉంది.

చెన్నవీరయ్య మూడవసారి లోపలికి వెళ్ళి చూసి వచ్చాడు. వంటశాలలో ఏదీ నడవడం లేదు. పూజామందిరంలోని దీపం నూనెది. మఠం నీడన ఉంటున్న శివమ్మవ్వకు ఊపిరి అందించే యంత్రం రాత్రివేళ మాత్రమే నడుస్తుంది. పగలంతా ఆమె ముంగిట్లో ఎండకు కూర్చుంటుంది. ఆ రోజు ఎండ లేకపోయినా కూర్చునే ఉంది. ములకకొండ మీద పుష్యమాసపు మంచు మధ్యాహ్నమైనా విడలేదు. ఆ తెల్లదనంలో ఎర్రచుక్క ఒక్కటే వెలుగుతూ, ఆరుతూ, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుగా ఉంది.

మఠంలో శిష్యుడిగా చేరకముందు అతడు ఇరవైరెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చదివినవాడు. ఎవరూ వాడనిదే మీటరు కదలదని అతనికి తెలుసు. కనుక ఎవరో వాడుతున్నారు.

అది చిన్న విషయం కాదు. రెండేళ్ళ కరెంటు బాకీ పేరుకుపోయింది. శివరాత్రి లోపల అది ఒక దారికి రాకపోతే తీగ కోస్తామని ఆఫీసువారు కాగితం పంపారు. తీగ తెగిన రాత్రి యంత్రం ఆగుతుంది. యంత్రం ఆగితే శివమ్మవ్వ తెల్లవారి లేవదు. ఆ కాగితం చదివిన రోజున మఠాధిపతి శాంతమల్లయ్యస్వామి తాళాలగుత్తి తీసి చెన్నవీరయ్య చేతిలో పెట్టారు.

"ఏది ఉంచాలో, ఏది ఆపాలో నువ్వే చూడు" అన్నారు. స్వామివారు అంతకంటె ఎక్కువ మాట్లాడే మనిషి కారు.

చెన్నవీరయ్య చూశాడు. తలుపు రబ్బరు కుళ్ళి రేయింబవళ్ళు మూలుగుతున్న పాత ఫ్రిజ్జును బయటికి తోయించాడు. గీజర్లు రెండూ పీకించి, పెరట్లో రాళ్ళ పొయ్యి మీద రాగి కాగు ఎక్కించి, వేరుశనగ పొట్టుతో నీళ్ళు కాచే ఏర్పాటు చేశాడు. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టాడు. టీవీని రిమోటుతో ఆపితే చాలదని, గోడ దగ్గర స్విచ్చు ఆపాలని అందరిచేతా వల్లె వేయించాడు. మిక్సీ మూలకు చేరింది. రోలు ముందుకు వచ్చింది.

"ఏం సామీ, మిక్సీ తీసి రోలు ఇచ్చినావు. రేపు రోలూ శానా తిరగతా ఉండాదని ఆపిస్తావా?" అని వంట నీలమ్మ అడిగింది.

"నీ చేతికి మీటరు లేదులే నీలమ్మా."

"ఉంటే నా బిల్లు నువ్వు కట్టలేవు సామీ."

గదుల్లోని హీటర్లనూ అతడు తీయించాడు. గదిని కాచడం దండగ, మనిషిని కాస్తే చాలునని, మఠంలోని ముసలివారందరికీ తలా ఒక గొంగడి, మంచం పక్కన ఒక మట్టి కుంపటి ఇచ్చాడు. అందరూ పుచ్చుకున్నారు, ఒక్క గురుసిద్ధయ్య తప్ప.

గురుసిద్ధయ్య ఉండేది పశువులకొట్టం అవతల, కొండవైపు వాకిలి ఉన్న కొసగదిలో. ఒకప్పుడు ఆయన, శాంతమల్లయ్యస్వామి ఒకే గురువు దగ్గర చదువుకున్నవారు. గద్దె తనకు రాలేదని అలిగి వెళ్ళిపోయి, ఆరేళ్ళ క్రితం ఏమీ లేనివాడై తిరిగి వచ్చాడు. "చోటు చాలు. నీ మఠం నిప్పు మాత్రం ముట్టను" అని వాకిట్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఏడాదే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చెన్నవీరయ్య కుంపటి తీసుకువెళ్ళినప్పుడు, కదిలే ఆ ఒక్క కాలితోనే దానిని తన్నాడు. గొంగడిని కూడా నిప్పుతో పాటు వాకిట్లోకి విసిరాడు.

"మాట పోయింది గానీ పంతం పోలేదు" అంది నీలమ్మ, నిప్పులు ఎత్తిపోస్తూ.

మూడు నెలల్లో బిల్లు సగానికి దిగింది. గురువుగారు ఇన్నేళ్ళుగా చూడనిది నేను మూడు నెలల్లో చూశానని చెన్నవీరయ్య ఎన్నడూ పైకి అనలేదు. అనుకున్నాడు. అయితే సగం దగ్గర బిల్లు మొండికేసింది. బాకీ తీరాలంటే ఆ సగం చాలదు. మిగిలిన సగం ఎటు పోతున్నదో వెదకడానికే ఆ మధ్యాహ్నం స్విచ్చులన్నీ ఆపాడు.

మీటరు నుంచి బయలుదేరిన తీగలను ఒక్కొక్కటిగా చూస్తూ వెళ్ళాడు. ఒక పాత తీగ దూలం వెంబడి పాకి, ఉత్తరపు వసారా దాటి, మూసి ఉన్న గదిలోకి దిగింది.

చెన్నవీరయ్య ఆగిపోయాడు.

అది పెద్దస్వామి గది. శాంతమల్లయ్యస్వామికి గురువైన ఆయన పదకొండేళ్ళ క్రితం అక్కడే లింగైక్యం చెందారు. పోయే ముందు ఆయన నోట వచ్చిన కడపటి మాట "చలి పెడతా ఉండాది" అని మఠంలో అందరికీ తెలుసు. నాటి నుంచి ఆ గదికి తాళం. రోజూ సందెవేళ స్వామివారు ఒక్కరే తమ దగ్గరున్న మారు తాళంచెవితో లోపలికి వెళ్ళి, కొంతసేపటికి బయటికి వస్తారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అతడు వంగి గడప మీద చేయి పెట్టాడు. వెచ్చగా ఉంది.

"నీకిప్పుడు తెలిసిందా సామీ?" నీలమ్మ వెనుక నుంచి అంది. ఆమె గొంతులో వేళాకోళం లేదు. "ఆ గడప ఎప్పుడూ అట్లే ఉంటాది. నేను కాలు పెట్టను. పెద్దసామి ఊపిరి అది."

చెన్నవీరయ్య నేరుగా స్వామివారి దగ్గరికి వెళ్ళాడు.

"స్వామీ, మూసిన గదిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"అక్కడ కరెంటు నడుస్తోంది."

"నడుస్తోంది."

"ఎవరూ లేని గదికి వేడి ఎందుకు స్వామీ? అవతల శివమ్మవ్వ ప్రాణం..."

స్వామివారు చదువుతున్న తాళపత్రం మీది నుంచి చూపు ఎత్తలేదు. "తాళాలు నీ దగ్గరే ఉన్నాయి. ఆపవలసినదైతే ఆపు."

చెన్నవీరయ్య దానిని అనుమతిగానే తీసుకున్నాడు.

గది తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపల ఒక నులకమంచం, మడిచిపెట్టిన నల్లగొంగడి, తలుపువైపు ముక్కులు తిప్పి పెట్టిన పావుకోళ్ళు. మూలగా పాతకాలపు హీటరు ఒకటి, రెండు కడ్డీలూ ఎర్రగా కాలుతూ. అది మంచంవైపు చూడటం లేదు. వెనుకగోడకు జానెడు దూరంలో, గోడవైపు ముఖం పెట్టి ఉంది. చెన్నవీరయ్య మంచం మీద చేయి వేశాడు; చల్లగా ఉంది. గోడ మీద వేశాడు. ఎవరి వీపో తాకినట్టుగా వెచ్చగా ఉంది.

అతడు చేయి వెనక్కి తీసుకున్నాడు. పోయినవారికి వేడి, అది కూడా గోడకు! ఇంత చదువుకున్న గురువుగారికి ఈ బలహీనత ఎందుకని జాలిపడ్డాడు. హీటరు ప్లగ్గు పీకి, తీగ చుట్టి, బయటికి వచ్చి తాళం వేశాడు.

మీటరు మీద ఎర్రచుక్క ఆరిపోయి ఉంది. ఎంతసేపు చూసినా మళ్ళీ వెలగలేదు. సంతోషించవలసిన క్షణం. కాని ఎవరి ముక్కు దగ్గరో వేలు పెట్టి చూసి, ఊపిరి లేదని తెలుసుకున్నవాడిలా అతడు మీటరు ముందు నిలబడిపోయాడు.

సందె వాలుతుండగా ఉత్తరపు వసారా మీదుగా వస్తున్నాడు. మంచు స్తంభాల మధ్యకు వచ్చి నిలిచింది. మూసిన తలుపు ముందుకు రాగానే, చెవి పక్కనే అన్నంత దగ్గరగా, ఒక ముసలి గొంతు పలికింది.

"చలి పెడతా ఉండాది."

అతడు తాళం తీశాడు. మంచం ఖాళీ. గొంగడి మడత మడతే. పావుకోళ్ళు తలుపువైపే, అతనివైపే చూస్తున్నాయి.

తాళం వేసే ధైర్యం కూడా లేక, తలుపు దగ్గరగా లాగి వచ్చేశాడు. ఎవరితోనూ చెప్పలేదు. కాసేపటికి స్వామివారు ఎప్పటిలాగే ఆ గదిలోకి వెళ్ళడం దూరం నుంచి చూశాడు. ఇప్పుడు పిలుస్తారు, ఇప్పుడు మందలిస్తారు అని ఎదురుచూశాడు. పిలుపు రాలేదు. భోజనాల గంట మోగింది. ముసలివారందరూ వచ్చి కూర్చున్నారు. స్వామివారి పీట ఖాళీగా ఉంది.

"పోయి చూడు సామీ" అంది నీలమ్మ. "నేను మాత్రం ఆ దిక్కు రాను."

చెన్నవీరయ్య టార్చి పట్టుకుని వెళ్ళి తలుపు తోశాడు.

స్వామివారు నేల మీద కూర్చుని ఉన్నారు. పైనున్న శాలువ తీసి ఒడిలో పెట్టుకున్నారు. హీటరు కాచే చోటనే, బోసి వీపును గోడకు ఆనించి ఉన్నారు. డెబ్బై ఏళ్ళు దాటిన ఆ భుజాలు సన్నగా వణుకుతున్నాయి.

"స్వామీ! ఏమిటిది?"

"నెమ్మదిగా మాట్లాడు."

"హీటరు వేస్తాను, లేవండి..."

"వద్దు. నీ లెక్క తప్పు కాదు. శివమ్మ బతకాలి."

"మరి మీరిలా..."

స్వామివారు అతని చేయి పట్టుకుని గోడకు ఆనించారు. మధ్యాహ్నపు వెచ్చదనం ఏమాత్రం లేదు. చచ్చిన రాయి. అంతలో ఆ రాతిలోపల ఏదో కదిలింది. గోరుతో గీకిన చప్పుడు. ఆగింది. మళ్ళీ గీకింది, నెమ్మదిగా, ఇంతకుముందు అక్కడ ఉన్నదేదో వెదుకుతున్నట్టు.

చెన్నవీరయ్య టార్చిని గోడవైపు తిప్పాడు. "లోపల ఎవరు స్వామీ?"

"లోపల కాదు. అవతల."

అతడు మనసులోనే మఠం చుట్టూ నడిచాడు. వసారా, సామాన్ల కొట్టు, పశువులకొట్టం, దాని వెనుకగా తిరిగి కొండవైపు వాకిలి ఉన్న కొసగది. చుట్టు తిరిగి వెళ్ళేవాడు కనుక అది ఎంతో దూరమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. రెండు గదులకూ గోడ ఒకటే.

"గురుసిద్ధయ్యగారు..."

"ఆయన మఠం నిప్పు ముట్టనన్నాడు" అన్నారు స్వామివారు. "గోడ ముట్టనని అనలేదు."

చెన్నవీరయ్య టార్చి ఆర్పి, అంగీ విప్పి, గురువుగారి పక్కన కూర్చుని గోడకు వీపు ఆనించాడు. చలి వెన్నులోకి మేకులా దిగింది. పళ్ళు బిగపట్టాడు. అవతల గోరు గీకుతూనే ఉంది. చాలాసేపటికి, ఆ చప్పుడు అతని వీపు వెనుకకు వచ్చి, అక్కడ ఆగిపోయింది.

మరునాడు పొద్దున్నే అతడు పెరట్లోని రాళ్ళ పొయ్యి ముందు నిలబడి, ఆకాశానికి ఎగిసిపోతున్న వేడిని చూశాడు. మఠానికి నీళ్ళు ఎలాగూ కాగాలి. సగం వేడి కాగుకు, సగం కొండకు పోతోంది. మేస్త్రీని పిలిచి పొయ్యిని మూసిన గదిలోకి మార్పించాడు, వెనుకగోడను ఆనుకునేటట్టు. పైకప్పులోంచి పొగగొట్టం పెట్టించాడు. పెద్దస్వామి మంచాన్ని, పావుకోళ్ళను శాంతమల్లయ్యస్వామి తమ చేతులతోనే ఎత్తి పూజామందిరంలోకి తీసుకువెళ్ళారు.

"పెద్దసామికి కోపం రాదా సామీ?" నీలమ్మ గడప ఇవతలే నిలబడి అడిగింది.

"వచ్చి నీళ్ళు పోసుకోమందాం" అన్నారు స్వామివారు. ఆమె ఆ సాయంత్రమే మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చింది.

అదే పొట్టు, అదే మంట. నీళ్ళు కాగాయి, గోడ కాగింది. మీటరు మీది ఎర్రచుక్క రాత్రివేళ శివమ్మవ్వ యంత్రం కోసం మాత్రమే కొట్టుకుంది. ఆ నెల బిల్లు చూసి ఆఫీసువారు బాకీని వాయిదాల మీద తీసుకోవడానికి ఒప్పుకున్నారు. శివరాత్రి జాగరణలో శివమ్మవ్వ అందరికంటె ఆలస్యంగా కునికింది.

గురుసిద్ధయ్య మంచం గోడకు మరింత దగ్గరగా జరిగిందని పాలు ఇచ్చి వచ్చిన నీలమ్మ చెప్పింది.

అయినా చెన్నవీరయ్యకు ఒక్క విషయం మిగిలిపోయింది. ఒక సందెవేళ, పొయ్యిలో పొట్టు వేస్తూ అడిగాడు.

"స్వామీ, ఆ రోజు నాకు ఒక మాట వినబడింది. చలి పెడతా ఉండాదని. స్పష్టంగా విన్నాను. గురుసిద్ధయ్యగారికి మాట పడిపోయి ఆరేళ్ళయింది. పెద్దస్వామి పోయి పదకొండేళ్ళు. ఆ గొంతు ఎవరిది?"

స్వామివారు అరచేతిని గోడ మీద పెట్టి, వేడి సరిపోయిందో లేదో చూసుకున్నారు.

"వేడి ఎవరికో తెలుసుకోకుండానే ఆపావు" అన్నారు. "చలి ఎవరిదో తెలిస్తేగాని వినవా?"