అచ్చులో కరిగిన కొండ

రిగ్జిన్‌కి పెద్ద చిక్కే వచ్చిపడింది. తెచ్చుకున్నది తనే లెండి.

లదాఖ్‌లోని ఓ మఠంలో గ్యాల్సన్ లామా దగ్గర అతను చెక్క అచ్చులు చెక్కడం నేర్చుకుంటున్నాడు. మఠానికి ఎదురుగా ఉన్న మంచుకొండని ఓ చెక్క మీద చెక్కాడు. అద్దితే మంచు ఉన్నంత మేరా నీలం రంగు పడుతుంది. ఏటా ఎండలు తగ్గాక కొండకేసి చూసి, అక్కడ ఎంత మంచు పోతే అచ్చులోనూ అంత మేర ఉలితో తీసేస్తాడు. గుడ్డ జెండాల మీద అద్ది కనుమలో కడతాడు.

అలా ఉలి పట్టిన పూటల్లా గురువుకి వెన్న టీ కాచిస్తూ, "నా అచ్చు అబద్ధమాడదు గురువుగారూ!" అంటాడు. ఆ మాట అనకపోతే టీ మరగదేమో అన్నట్టు.

గురువు ఊదుకుంటూ టీ తాగుతాడు.

ఈ ఏడు కింది ఊరి వాగు ఎండిపోయింది. ఊరు ఊరంతా మూటలు కట్టింది. అది రిగ్జిన్ పుట్టిన ఊరు. వెళ్లేముందు వాళ్లమ్మ మఠానికొచ్చింది.

"నీ చిన్నప్పుడు కొండ నిండా మంచుండేది కద నాయనా. ఆ బొమ్మ ఒక్కటి అద్దివ్వు. పోయినచోట గోడకి పెట్టుకుంటా."

"ఒకటేంటమ్మా, ఇంటికొకటిస్తా! అచ్చు నా దగ్గరే ఉందిగా," అన్నాడు మన ఘనుడు.

లోపలికెళ్లి అచ్చు తీశాడు. అందులో మిగిలిన మంచు గోరంత. పాత జెండాల్ని గాలి ఎప్పుడో పీలికలు చేసేసింది.

గురువు దగ్గరికి పరిగెత్తాడు. "ఇప్పుడెలా గురువుగారూ?"

గురువు లేచి, కొత్త చెక్క ఒకటి తెచ్చి అతని ముందు పెట్టాడు. "చెక్కు."

రిగ్జిన్ ఉలి పట్టుకుని కిటికీలోంచి చూశాడు. ఎదురుగా నల్లటి బండ. మంచు ఎక్కడిదాకా ఉండేది? ఆ మలుపు దాకానా? ఇంకా కిందికా? కళ్లు మూసుకున్నాడు. అప్పుడూ బండే కనిపించింది. ఉలి కదల్లేదు.

"పోనీ, పాత అచ్చులోంచి రాలిన చెక్క పేళ్లున్నా ఏరి పేర్చుకునేవాణ్ణి. అవెక్కడున్నాయి గురువుగారూ?"

గురువు పుల్ల తీసుకుని పొయ్యిలో బూడిదని మెల్లగా కదిపాడు.

"వాటితోనే కదరా ఏటా టీ కాచావు," అన్నాడు. "మంచి వేడిగా ఉండేది."

బయట వాళ్లమ్మ మూట మీద కూర్చుని ఎదురుచూస్తోంది.