అచ్చియ్యమ్మ అడిగిన మాట

అనగనగా వాగుకి అవతలి గట్టున ఒక ఊరుండేది తల్లీ. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ, ఆమె మొగుడు పోలినాయుడు ఉండేవారు. వానాకాలం వస్తే ఆ ఊరికి దారే ఉండేది కాదు. బియ్యం కావాలన్నా, బిడ్డకి మందు కావాలన్నా మెడలోతు నీళ్ళలో దిగాల్సిందే.

అప్పుడు ఊరంతా ఒక మాట అనుకున్నారు. పద్నాలుగు తాటిచెట్లు కొట్టి, దుంగలు గట్టుకి చేర్చారు. ఇక పరవడమే తరువాయి. అంతలో ఆ ప్రాంతపు నాయకుడు భూషణరావు జీపు దిగాడు. మీకీ దుంగల ఖర్మేమిటి, సిమెంటు వంతెన నేను వేయిస్తాను, ఆగండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అచ్చియ్యమ్మ కూడా కొట్టింది.

ఏడాది గడిచింది. అచ్చియ్యమ్మ ఆయన ఇంటికి వెళ్ళి, వంతెన ఎప్పుడు బాబూ అని అడిగింది. ఆయన ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, నువ్వు నా తోడబుట్టినదానివి అన్నాడు. కాఫీ ఇప్పించాడు. అడిగినదానికి జవాబు రాలేదని ఇంటికొచ్చేదాకా ఆమెకి తట్టనే లేదు.

ఆ తర్వాతి ఏడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆయన, ముందున్నవాళ్ళు ఇరవై ఏళ్ళు ఏం వెలగబెట్టారో గంటసేపు చెప్పాడు. ఏ నెలలో వేస్తారయ్యా అంటే యుగాల లెక్క చెప్పాడు, పాపిష్టివాడు.

ఆ శ్రావణంలోనే పోలినాయుడు బియ్యం కోసం వాగులో దిగాడు. మూడో రోజుకి, కింది ఊళ్ళో తుమ్మకంపకి చిక్కుకుని దొరికాడు.

అప్పుడు టీవీ వాళ్ళొచ్చారు. అచ్చియ్యమ్మ వాళ్ళ ముందూ అదే అడిగింది, వంతెన ఎప్పుడని. ఆ సాయంత్రం టీవీలో ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు నలుగురు కూర్చున్నారు. ఈమె చేత ఎవరు అడిగించారన్నాడు ఒకడు. దీనివల్ల ఎన్ని సీట్లు పోతాయన్నాడు ఇంకొకడు. ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. అంతసేపట్లో పోలినాయుడి పేరు ఒక్కరూ ఎత్తలేదు. పక్కింటి అరుగు మీద కూర్చుని ఆమె అంతా విన్నది. కళ్ళలో నీళ్ళు అక్కడే ఇంకిపోయాయి.

మూడో ఏడు ఎండల్లో భూషణరావు ఓట్లకొచ్చాడు. అచ్చియ్యమ్మ జీపుకి అడ్డంగా నిలబడింది. చెల్లెమ్మా అన్నాడు, కదల్లేదు. పాతవాళ్ళని తిట్టాడు, కదల్లేదు. పోలినాయుడికి విగ్రహం పెట్టిస్తానన్నాడు, అయినా కదల్లేదు. ఊరు ఊరంతా వచ్చి ఆమె వెనకాల నిలబడింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ ఎండకీ, ఆ మౌనానికీ ఆయన ఓపిక చచ్చింది.

“లేదు. వంతెన లేదు. మీ ఊరికి కావాలని నేనసలు పైవాళ్ళని అడగనే లేదు. చాలా?” అన్నాడు.

అప్పటిదాకా మీరు అన్న నోటితోనే ఆమె నువ్వు అంది.

“ఈ మాట మూడేళ్ళ కిందట చెప్పుంటే మా దుంగలు మేం పరుచుకుందుం. నా మొగుడు బతికుండేవాడు. లేదనడానికి నీకు నోరు రాక నా మనిషిని చంపేశావు.”

భూషణరావు జీపు వెనక్కి తిప్పుకున్నాడు.

గట్టున దుంగలు చెదలు తినేసి ఉన్నాయి. ఊరు మళ్ళీ చెట్లు కొట్టింది. వానలు పడేలోపు పరిచింది. ఆ తర్వాత, రిబ్బను కత్తిరించడానికి వస్తానని భూషణరావు కబురంపాడు. రావద్దని అచ్చియ్యమ్మ తిరుగు కబురు పంపింది.

ఆ వానాకాలం పిల్లలు కాళ్ళు తడవకుండా బడికెళ్ళారు. అచ్చియ్యమ్మ మాత్రం ఆ దుంగల మీద నడిచినప్పుడల్లా పళ్ళు కొరికేది. ఆ కోపం చల్లారలేదు తల్లీ. చల్లార్చుకోమని ఆ ఊళ్ళో ఎవరూ అననూ లేదు.

అడిగింది వంతెన, చెప్పింది వంకలు,
ఆగితే మూడేళ్ళు, పుచ్చాయి దుంగలు,
కథ పోయె కంచికి,
మనం పోదాం మంచానికి.